పావుగంట ఆపరేషన్, 147 చుక్కలు

సంపాదకులకు నమస్కారం.

కంటి శుక్లాల ఆపరేషన్ గురించి పత్రికలలో వచ్చే వ్యాసాలు చాలావరకు ఆపరేషన్ బల్ల దగ్గరే ఆగిపోతాయి. పావుగంటలో అయిపోతుందని, నొప్పి తెలియదని, సాయంత్రానికే ఇంటికి పంపేస్తారని చెబుతాయి. అవన్నీ నిజమే. అయితే ఆ పావుగంటకు ముందు కొన్ని రోజులు, ఆ తర్వాత ఆరు వారాలు రోగి ఇంట్లో ఏం జరుగుతుందో రాసేవారు తక్కువ. గత కార్తిక మాసంలో నా కుడి కంటికి, సంక్రాంతి వెళ్లాక మా అక్కయ్య ఎడమ కంటికి వేర్వేరు ఆసుపత్రులలో ఈ ఆపరేషన్ జరిగింది. ఇద్దరి విషయంలోనూ వైద్యుల చేతి పనికి వంక పెట్టడానికి లేదు. అయినా మా అక్కయ్య కన్ను పదకొండో రోజుకు చింతనిప్పులా ఎర్రబడి, కిటికీ వెలుతురు కూడా చూడలేని స్థితికి వచ్చింది. దానికి కారణం ఒక చీటీ. ఈ లేఖ ఆ చీటీ గురించే.

ఆసుపత్రిలో ఇచ్చిన మందుల చీటీలో రెండు చుక్కల మందులున్నాయి. ఒకటి సూక్ష్మజీవులు చేరకుండా వేసేది, రెండోది లోపలి వాపు తగ్గించే స్టెరాయిడ్. ఆ రెండో మందు పేరు పక్కన ఇంగ్లిషులో '6-5-4-3-2-1' అనీ, దాని చివర 'వీక్లీ' అనీ గొలుసుకట్టు రాతలో ఉంది. మొదటి వారం రోజుకు ఆరుసార్లు, రెండో వారం అయిదుసార్లు, అలా తగ్గించుకుంటూ ఆరో వారంలో రోజుకు ఒక్కసారి వేయాలని దాని అర్థం. మా అక్కయ్య ఆ చీటీని నాలుగు మడతలు వేసి రొంటిన దోపుకుని బస్సెక్కింది. ఇంటికి చేరేసరికి 'వీక్లీ' అన్న మాట సరిగ్గా మడత మీద పడి చెమటకు చెరిగిపోయింది. ఇంటర్ చదివిన మేనకోడలు చీటీ చూసి, ఈ రోజు ఆరు చుక్కలు, రేపు అయిదు, ఎల్లుండి నాలుగు అని లెక్క వేసుకుంది. ఆరు వారాల మందు ఆరు రోజుల్లో ముగిసిపోయింది. నిజానికి ఆ కంట్లో పడవలసినవి 147 చుక్కలు, పడినవి 21.

ఆ అమ్మాయిని తప్పుపట్టలేను. ఆ చీటీ నా చేతికిచ్చినా, ముప్పయ్యేళ్లకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పిన నేను కూడా బహుశా అలాగే చదివి ఉండేవాణ్ణి. మధ్యలో ఒకసారి ఫోన్ చేసినప్పుడు అక్కయ్య, "కన్ను తేటగా ఉంది కదరా తమ్ముడూ, ఇక ఆ చుక్కలెందుకు, అయిపోయాయి" అంటే నేను కూడా సరేనన్నాను. చూపు రావడం వేరు, కన్ను మానడం వేరు అన్న సంగతి మా ఇద్దరికీ అప్పటికి తెలియదు. శుక్లం తీసి కృత్రిమ కటకం (లెన్సు) అమర్చాక కంటి లోపల కొంత వాపు సహజంగానే ఉంటుంది. స్టెరాయిడ్ చుక్కలు దాన్ని అణచిపెడతాయి. ఉన్నట్టుండి ఆపేస్తే అణిగిన వాపు మళ్లీ తలెత్తుతుంది. అందుకే మెట్లు దిగినట్టు ఒక్కొక్కటే తగ్గిస్తారు. అలాగని కన్ను బాగుందని అదే మందును నెలల తరబడి వేసుకున్నా ప్రమాదమే, ఎందుకంటే కొందరిలో కంటి లోపలి పీడనం పెరిగి నీటికాసులకు దారి తీస్తుంది. మిగిలిన సీసాను దాచి ఉంచి మనవడికి కళ్లకలక వస్తే వేసే ఇళ్లు నాకు తెలుసు. మూత తీసిన నెల రోజుల తర్వాత ఆ మందు ఎవరికీ పనికిరాదు.

అక్కయ్యను మళ్లీ ఆసుపత్రికి తీసుకువెళ్తే అక్కడి వైద్యురాలు విసుక్కోకుండా చూసి, మందు కొత్తగా మొదలుపెట్టించారు. నెల తిరిగేసరికి కన్ను తెల్లబడింది. ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా ఇష్టం లేదు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. అదే ఆసుపత్రిలో ఆపరేషన్‌కు ముందు ఏ లెన్సు వేయించుకోవాలో, ఏ ప్యాకేజీ ఎంతో, రంగు బొమ్మల పుస్తకం తెరిచి, రోగులకు సలహాలిచ్చే కౌన్సెలర్ అరగంటసేపు తెలుగులో చక్కగా వివరించారు. చుక్కలు ఎలా వేయాలో మాత్రం డిశ్చార్జి కౌంటరు దగ్గర నిలబెట్టి రెండు నిమిషాల్లో చెప్పారు. ఆ రెండు నిమిషాల్లో, వాపు మందు సీసాను ప్రతిసారీ బాగా కుదిపి వేయాలన్న మాట రానే లేదు. ఆ మందు పాలలా తెల్లగా ఉండి, కుదపకపోతే అడుగున పేరుకుంటుంది. పైన తేరిన నీళ్లే కంట్లో పడతాయి. సీసా మీద ఆ సంగతి రాసే ఉంది, ఇంగ్లిషులో, ఆవగింజంత అక్షరాలతో, చూపు సరిగా లేనివారి కోసం!

ఆపరేషన్‌కు ముందు కూడా చెప్పవలసినవి చాలా ఉన్నాయి. శుక్లం బాగా ముదిరాకే తీయించుకోవాలని మన ఊళ్లలో ఇంకా నమ్ముతారు. కటకాన్ని మొత్తంగా పెకలించి తీసే రోజుల్లో ఆ మాటకు అర్థం ఉండేది. ఇప్పుడు ముదిరి గట్టిపడిన శుక్లాన్ని తీయడమే కష్టం. మరీ ముదిరితే కంటి పీడనం పెరిగే ముప్పు కూడా ఉంది. కన్నీటి దారి మూసుకుపోయి చీము ఉందేమో నీళ్లు ఎక్కించి చూస్తారు. అది కాస్త ఇబ్బందిగా ఉంటుందని చాలామంది తప్పించుకోజూస్తారు కానీ, అక్కడ చీము ఉండగా ఆపరేషన్ చేస్తే అది నేరుగా కంటి లోపలికి చేరుతుంది. చక్కెర వ్యాధి ఉన్నవారికి కంటి వెనక తెర ఎలా ఉందో ముందే చూడాలి. ఆ తెర దెబ్బతిని ఉంటే శుక్లం తీసినా ఆశించినంత చూపు రాదు. ఆ మాట ముందుగా చెప్పకపోతే రోగి ఆపరేషన్ చెడిందని అనుకుంటాడు. రక్తం పలచబడే మాత్రలను ఎవరికి వారు ఆపేయకూడదు, వేసుకుంటున్నామని వైద్యునికి చెప్పాలి. మగవారు మూత్రం సాఫీగా రావడానికి వాడే టామ్సులోసిన్ మాత్ర సంగతి కూడా దాచకూడదు. కంటి ఆపరేషన్‌కు దానికీ ఏం సంబంధం అని నేనూ అనుకున్నాను. ఆ మాత్ర వాడినవారి కనుపాప చుట్టూ ఉండే రంగు పొర ఆపరేషన్ సమయంలో పట్టు తప్పి ఊగిసలాడుతుందట. ఇప్పుడు ఆపినా ఆ ప్రభావం పూర్తిగా పోదు కాబట్టి, ముందే తెలిస్తే సర్జన్ తగిన జాగ్రత్త తీసుకుంటారు. వెల్లకిలా కాసేపు కదలకుండా పడుకోలేనంత దగ్గు, ఆయాసం ఉన్నవారు ఆ మాట కూడా చెప్పాలి.

కంటి పొడవు కొలిచే పరీక్షను కూడా రోగులు తేలిగ్గా తీసుకుంటారు. ఆ కొలతలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే లెన్సు పవరులో దాదాపు రెండున్నర నుంచి మూడు వరకు తేడా పడుతుంది. కంట్లో పెట్టిన లెన్సు వివరాలున్న స్టిక్కరును అడిగి తీసుకుని భద్రపరచుకోవాలని అందుకే అంటున్నాను. స్కూటరు కొంటే దాని నంబర్లన్నీ బీరువాలో దాచుకుంటాం. కంట్లో జీవితాంతం ఉండే వస్తువు కాగితం ఎక్కడుందో నూటికి పదిమంది కూడా చెప్పలేరని నా అనుమానం.

కట్టు విప్పిన ఉదయం నాకింకా గుర్తుంది. ఒళ్లో ఉన్న నా పంచెను ఎడమ కంటితో చూస్తే గంజి రంగు, కుడి కంటితో చూస్తే మల్లెపువ్వు. ఇన్నేళ్లుగా లోకాన్ని పసుపు గుడ్డలోంచి చూస్తున్నానని అప్పుడు తెలిసింది. మా తాతయ్య కాలంలో కటకం తీసేసి, దాని బదులు ముక్కు మీద సోడాబుడ్డి అద్దాలు పెట్టేవారు. తల కదలకుండా అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి పడుకోబెట్టేవారట. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు తొలిసారి కంటి లోపల కృత్రిమ కటకం అమర్చాడు. 1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్, చెవికి వినపడని ధ్వని తరంగాలతో శుక్లాన్ని నలగ్గొట్టి పీల్చేసే పద్ధతి తెచ్చాడు. ఆ రెండూ మన ఊళ్లదాకా వచ్చాయి. తాతయ్య నాటి పథ్యం మాత్రం మన వంటిళ్లు విడిచి పోలేదు.

పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ, గోంగూర, గుడ్డు, మాంసం ముట్టరాదని ఇరుగుపొరుగువారు మా అక్కయ్యకు గట్టిగా చెప్పారు. ఆవిడకు చక్కెర వ్యాధి ఉంది. పప్పు, కూర మానేసి మూడు పూటలా చారన్నం, మజ్జిగన్నం తిన్నది. తెల్లన్నం పెరిగింది, దానితో చక్కెర పెరిగింది. గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులు తగ్గాయి. చీము భయంతో చేసిన పథ్యం చీముకే దారి వేసేట్టుంది. శుక్లాల ఆపరేషన్ తర్వాత తిండికి ఆంక్షలేమీ లేవని, చక్కెర ఉన్నవారు ఎప్పటి నియమం అప్పుడు పాటిస్తే చాలని మా ఇద్దరి వైద్యులూ చెప్పారు. మరి ఆ మాట చీటీలో ఒక్క వాక్యంగా ఎందుకు రాయరు? టీవీ చూడకూడదు, చదవకూడదు అన్నదీ అంతే, చూసినంత మాత్రాన కంటికి ఏమీ కాదు. నిజంగా చేయకూడనివి వేరే ఉన్నాయి. కన్ను నలపకూడదు, నీళ్ల బిందె లాంటి బరువులు ఎత్తకూడదు, డాక్టరు చెప్పినన్నాళ్లు తల మీద నీళ్లు పోసుకోకూడదు, రాత్రి నిద్రలో చెయ్యి తగలకుండా ప్లాస్టిక్ డొప్ప పెట్టుకోవాలి. ఆముదం, ఆకు పసరు, కాటుక ఆ దరిదాపులకు రాకూడదు. వారం తిరక్కుండానే తిరునాళ్లలో కళ్లద్దాలు కొనుక్కునేవారున్నారు. కన్ను కుదుటపడి, పవరు నిలకడగా తేలడానికి సుమారు నెల పడుతుంది.

అన్నిటికంటే పెద్ద అక్షరాలతో రాయవలసింది మరొకటి ఉంది. మొదటి వారంలో చూపు మెరుగుపడుతూ పోవాలి. అలా కాక నొప్పి, ఎరుపు, పుసి పెరిగినా, చూపు మందగించినా తెల్లవారేదాకా ఆగకూడదు. కంటి లోపల సూక్ష్మజీవులు చేరితే గంటల లెక్కన చూపు పోతుంది. అరుదుగానే జరుగుతుంది కానీ, జరిగినప్పుడు రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలో పల్లెలోని రోగికి తెలిసి ఉండాలి.

అంధత్వ నివారణకు దేశంలో జాతీయ కార్యక్రమం 1976 నుంచి నడుస్తోంది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న 'కంటి వెలుగు' పేరుతో పరీక్షలు మొదలయ్యాయి. శుక్లం ఉన్నవారిని వెతికి పట్టుకోవడంలో ప్రభుత్వాలు, స్వచ్ఛంద సంస్థలు చేసిన కృషి తక్కువది కాదు. ఆ శ్రద్ధలో కొంత ఆపరేషన్ తర్వాతి ఆరు వారాల మీద కూడా పెట్టమని వైద్య ఆరోగ్య శాఖను, ప్రైవేటు ఆసుపత్రులను కోరుతున్నాను. చుక్కల చీటీ తెలుగులో, కనీసం శనగగింజంత అక్షరాలతో అచ్చువేసి ఇవ్వాలి. 'వీక్లీ' వంటి మాటలు కాక ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు రోజుకు ఎన్నిసార్లో రాయాలి. చదువు రానివారి కోసం పొద్దు పొడుపు, మిట్ట మధ్యాహ్నం, సందెవేళ బొమ్మలు వేస్తే మరీ మంచిది. ఇంటికి పంపేముందు రోగి చేతనో, వెంట వచ్చినవారి చేతనో నర్సు ఎదుటే ఒక చుక్క వేయించి చూడాలి. చేతులు కడుక్కోవడం, కింది రెప్ప లాగి పట్టుకోవడం, సీసా మూతి కంటికి తగలనివ్వకపోవడం, రెండు మందుల మధ్య అయిదు నిమిషాలు ఆగడం అనేవి చెబితే రావు, చేయిస్తేనే వస్తాయి. శిబిరాలకు రోగులను వెంటబెట్టుకుని వెళ్లే ఆశా కార్యకర్తలే మొదటి వారంలో ఒకసారి ఇంటికి వెళ్లి కన్ను చూసి, చుక్కలు లెక్క ప్రకారం పడుతున్నాయో లేదో అడిగే ఏర్పాటు చేయాలి. ఇందులో ఒక్కదానికీ కొత్త యంత్రం అక్కరలేదు.

వచ్చే నెలలో మా అక్కయ్యకు రెండో కంటి ఆపరేషన్. ఈసారి చీటీ చేతికి అందగానే తేదీలు వేసి గోడ క్యాలెండరు మీద రాస్తానని మేనకోడలు మాటిచ్చింది. రెండు సీసాల మూతలూ తెల్లగా ఒకేలా ఉండి పొరపడుతున్నందున, వాపు మందు సీసా మెడకు నేను ఎర్ర దారం కట్టి ఇచ్చాను. అక్కయ్య అదే గుర్తు పెట్టుకుంది. మొన్న ఫోన్‌లో, "దారం కట్టిన సీసాను కుదపాలి, కట్టని దాన్ని అక్కర్లేదు, అంతేగా?" అని నాకే అప్పజెప్పింది.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు,
తెనాలి.