మంత్రి గారూ, మా ఒడ్డున ఇంకెన్ని తాబేళ్లను పూడ్చమంటారు?

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

ఇది మేం పెడుతున్న నాలుగో అర్జీ. మొదటి మూడింటికీ రసీదులు ఇచ్చారు, జవాబు మాత్రం రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

కాకినాడ దగ్గరి మా ఉప్పాడ ఒడ్డు సంగతి మీకు తెలుసు. వలలో పడ్డ తాబేలు బయటికి తప్పించుకునేలా వలకి కట్టాల్సిన టెడ్ అనే పరికరాల గురించి, వాటి మీద ఇస్తామన్న రాయితీ గురించి నాకంటే మీకే బాగా తెలుసు. జనవరిలో తెల్లవారుజామున ఈ ఇసుకలో నడిస్తే ఎలా ఉంటుందో మాత్రం మీరు చూసి ఉండరు. ముందు వాసన తగులుతుంది. తర్వాత కుక్కలు కనిపిస్తాయి. అవి మూగిన చోట ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేలు పడి ఉంటుంది.

సంక్రాంతి వెళ్లిన మూడో రోజు ఒకదాన్ని చూశాను. మెడ వాచిపోయింది, కళ్లు బయటికి పొడుచుకొచ్చాయి. ముందు రెక్క మీద తాడు కోసుకుపోయిన గాటు. కుక్కలు వెనక నుంచి చీల్చిన చోట గుడ్లు బయటపడ్డాయి, తెల్లగా, గుండ్రంగా. నాతో వచ్చిన పిల్లాడు లెక్కపెడుతూ ఎనభై దాటాక ఇక వద్దని లేచిపోయాడు. ఆ తల్లి గుడ్లు పెట్టడానికే ఒడ్డుకి వస్తోంది సార్. ఇంకొక్క రాత్రి బతికి ఉంటే అవన్నీ ఇసుకలో భద్రంగా ఉండేవి.

తాబేలు కూడా మనలాగే గాలి పీల్చుకునే ప్రాణి. వలలో చిక్కితే పైకి రాలేదు. ట్రాలర్, అంటే వల ఈడ్చే మరబోటు, గంటల తరబడి ఈడుస్తుంటే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. వన్యప్రాణి చట్టంలో పులి ఏ షెడ్యూల్‌లో ఉందో ఇదీ అదే షెడ్యూల్‌లో ఉంది. పులి చస్తే అధికారులు పరిగెత్తుకొస్తారు, పోస్ట్‌మార్టం చేస్తారు. మేం ఫోన్ చేస్తే "ఫోటో వాట్సాప్‌లో పెట్టండి" అన్నారు. పెట్టాం. చూసినట్టు నీలం టిక్కులు వచ్చాయి, మనిషి రాలేదు. ఆ వారంలో పదకొండింటిని మేమే గోతులు తీసి పూడ్చాం.

ఒడ్డుకి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వేటాడకూడదు కదా. రాత్రి మా అరుగు మీద కూర్చుంటే వాటి ఇంజన్ల చప్పుడు వినిపిస్తుంది, లైట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. అంత దగ్గరగా తిరుగుతున్న బోట్లు మీ గస్తీ వాళ్లకి ఎందుకు కనబడవు? వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది. అప్పటికి తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం దాదాపు అయిపోతుంది.

మత్స్యకారుల మీద నెపం వేయడానికి రాయడం లేదు. మా బాబాయి సోనా బోటు అనే రకం ట్రాలర్ మీద కళాసీ. "టెడ్ కడితే రొయ్య కూడా జారిపోద్దిరా, డీజిల్ డబ్బులే రావు" అంటాడు. ఆయన భయం నిజమే. ఆ నష్టం ఎవరు భరిస్తారో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. టెడ్ లేదనే అమెరికా మన సముద్రపు రొయ్య కొనడం ఆపేసింది, దానివల్ల ధర పడిపోయినా దెబ్బ తగిలేది మళ్లీ ఆయనకే. వలలో తాబేలు పడితే పసుపు కుంకుమ పెట్టి వదిలేయమనేది మా నాయనమ్మ. శ్రీకూర్మం వెళ్లి కూర్మనాథుడికి దండం పెట్టుకొచ్చే జనం మేం. మాకు మాత్రం చంపాలని ఉంటుందా?

ఒడ్డు కూడా మిగలడం లేదు. కోత ఆపడానికి పోసిన బండల మీదికి తాబేలు ఎక్కలేదు. ఉన్న కాస్త ఇసుక ఎండకి కాగిపోతోంది. ఇసుక వేడెక్కితే గుడ్లలోంచి ఆడవే ఎక్కువ పుడతాయి. కొన్నేళ్లకి వాటికి జతే దొరకదేమోనని భయంగా ఉంది.

దయచేసి జనవరి నుంచి మార్చి వరకైనా రాత్రి గస్తీ పెట్టించండి. జెట్టీ దగ్గరే వలలు చూడండి, టెడ్ కట్టిన బోటుకి నష్టం ఇవ్వండి. చచ్చిన ప్రతి తాబేలునీ లెక్క రాసే మనిషిని పంపండి. గస్తీ పెట్టించండి సార్, అదొక్కటి ముందు చేయండి. రేపు పొద్దున్న మళ్లీ పార పట్టుకుని ఒడ్డుకి వెళ్లాలి.

ఇట్లు,
ఉప్పాడ తీరంలో ఉండే ఒక పౌరుడు