ఈ ఆదివారం మన ఊరినే చూద్దాం

గ్రూపు సభ్యులందరికీ నమస్కారం. మన హైదరాబాద్‌లో తరచూ దాటిపోతూ కూడా ఆగి చూడని రెండు చోట్లకు ఈ ఆదివారం ఉదయం కలిసి వెళ్దామని కోరుతున్నాను.

మొదటిది బహదూర్‌పురాలో జూపార్కుకు దగ్గరలో ఉన్న సుధా కార్స్ మ్యూజియం. బూటు, క్రికెట్ బ్యాటు, బర్గర్ వంటి ఆకారాల్లో అక్కడ కనిపించే కార్లు సుధాకర్ యాదవ్ తుక్కు సామాను సేకరించి తయారుచేసినవి. అవి ఊరికే చూపుకు పెట్టిన బొమ్మలు కావు, నడిచే బండ్లు. 2005లో ఆయన నిర్మించిన 41 అడుగుల 7 అంగుళాల ఎత్తైన మూడు చక్రాల సైకిలు గిన్నిస్ రికార్డుకెక్కింది. పిల్లలను తప్పక తీసుకురండి.

అక్కడి నుంచి మలక్‌పేట వైపు, గుట్ట మీద ఉన్న రేమండ్ సమాధికి వెళ్దాం. నిజాం అలీఖాన్ కొలువులో సేనాధిపతిగా పనిచేసి 1798లో మరణించిన ఈ ఫ్రెంచివారిని జనం మూసారాం అని పిలుచుకున్నారు. మూసారాంబాగ్ పేరు అలా వచ్చిందే. పరదేశి పేరును తమ నోటికి తగ్గట్టు మలుచుకొని ఇన్నేళ్లుగా ఒక పేటకు నిలుపుకున్న ఆ ఆప్యాయత నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

దారిలో ఇరానీ చాయ్‌కి ఆగుతాం. రాదలచినవారు శుక్రవారంలోగా ఇక్కడే తెలియజేయగలరు.