మనుమడి బడి గురించి

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

జూన్‌లో మనుమణ్ణి ఒకటో తరగతిలో ఎక్కడ చేర్పించాలన్న దానిపై నీకూ అల్లుడికీ మాట కుదరడం లేదని మీ అమ్మ చెప్పింది. ఐఐటీ ఫౌండేషన్ పేరున్న పెద్ద సంస్థ అయితే ముందుముందు ఇబ్బంది ఉండదని అల్లుడి ఆలోచన. మీ గల్లీ చివర రెండు వందల మంది కూడా లేని చిన్న బడిలో వేద్దామని నీ ఆలోచన. జనగామలో నీవూ తమ్ముడూ ఎల్‌కేజీ నుంచి పదో తరగతి వరకు చదివింది అటువంటి బడిలోనే కనుక, దానితో మన ఇంటికి కలిగిన అనుభవాన్ని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. చదివి మీరిద్దరూ కూర్చుని నిర్ణయించుకోండి.

ఆ బడికి ఉన్న లోట్లు నీకు తెలియనివి కావు. అద్దె డాబా ఇల్లు, పైన రేకుల గదులు. మార్చిలో ఒంటిపూట బడులు మొదలైనా పది దాటితే ఆ గదుల్లో కూర్చోవడం కష్టమయ్యేది. ఆటస్థలం లేదు, సైన్స్ ల్యాబ్ అంటే ఒక బీరువా మాత్రమే. ఇంగ్లీషు మీడియమని బోర్డు ఉన్నా పాఠం సగం తెలుగులోనే సాగేది. ఇంటర్‌కు హన్మకొండ వెళ్లాక మొదటి ఆరు నెలలు ఇంగ్లీషులో నీవు పడ్డ శ్రమ నాకు బాగా గుర్తుంది. అల్లుడి భయంలో న్యాయం ఉందని అందుకే అంటున్నాను.

అయినా మిమ్మల్ని అక్కడే ఉంచడానికి కారణం అక్కడి ఉపాధ్యాయులు. ఆరు నుంచి పది వరకు నీకు లెక్కలు చెప్పింది ఒకే సారు. ఎనిమిదో తరగతిలో బీజగణితం నీకు ఎక్కకపోతే, లోపం బీజగణితంలో లేదని, చిన్న తరగతుల్లో భిన్నాలు గట్టిపడలేదని గుర్తించి, సాయంత్రం స్టడీ అవర్‌లో నిన్ను మళ్లీ భిన్నాల దగ్గర నుంచి మొదలుపెట్టించాడు. ఏటేటా ఉపాధ్యాయులు మారే చోట ఈ పని ఎవరు చేయగలరు? కొత్తగా వచ్చినవారికి పిల్లల మార్కులు కనిపిస్తాయి కానీ, ఆ మార్కుల వెనక మూడేళ్ల కిందటి కారణం కనిపించదు. నేను ఆర్టీసీ బస్సు నైట్ హాల్ట్ డ్యూటీలో ఏదో ఒక ఊళ్లో పడుకుని, మీ అమ్మ ఒంటరిగా ఇల్లు చూసుకునే రోజుల్లో, మీలో ఎవరు బడికి రాకపోయినా పదింటిలోపు బడి నడిపే కరస్పాండెంట్ సారు స్వయంగా ఫోన్ చేసి కనుక్కునేవాడు. ఆ ఫోన్ ఉందన్న ధైర్యంతోనే నేను నిశ్చింతగా బస్సెక్కేవాణ్ణి.

2019 అక్టోబరు 5న మా ఆర్టీసీ సమ్మె మొదలైంది. నవంబరు 25 దాకా సాగిన ఆ సమ్మెలో సెప్టెంబరులో పనిచేసిన జీతం కూడా మా చేతికి రాలేదు. తమ్ముడు అప్పుడు పదో తరగతి. ఫీజు బాకీ ఉన్న పిల్లలను తరగతి బయట నిలబెట్టడం, హాల్‌టికెట్ ఆపడం చాలాచోట్ల జరుగుతుందని నీకు తెలుసు. డిపో ముందు శిబిరం నుంచి నేరుగా బడికి వెళ్లి పరిస్థితి చెబితే, కరస్పాండెంట్ సారు నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చి, తమ్ముడి పరీక్ష ఫీజు బడి తరఫునే కట్టేశామనీ, పరీక్ష రాసేవారి జాబితా అయిన నామినల్ రోల్స్‌లో పేరు వెళ్లిందనీ, బాకీ సంగతి పిల్లవాడి దగ్గర ఎవరూ ఎత్తరనీ చెప్పాడు. ఆ మాట చివరి వరకు నిలబెట్టుకున్నాడు. బాకీ ఉన్నట్టు తమ్ముడికి నేను చెప్పే వరకు తెలియదు.

ఆ మరుసటి మార్చిలో కరోనా వచ్చింది. తమ్ముడు మూడు పరీక్షలు రాశాక మిగిలినవి ఆగిపోయాయి, జూన్‌లో ప్రభుత్వం వాటిని రద్దు చేసి, బడిలోనే పెట్టి మార్కులు వేసే ఫార్మేటివ్ పరీక్షల్లో ఇరవైకి వచ్చిన మార్కులను బట్టి గ్రేడ్లు ఇచ్చింది. రాష్ట్రంలో లక్ష మందికి పైగా పిల్లలకు పదికి పది వచ్చాయి. తమ్ముడికి అంత రాలేదు, ఎందుకంటే మన బడిలో పదిహేడు రాసినవాడికి పదిహేడే వేశారు. వాడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. లెక్కల సారు ఇంటికి వచ్చి, వాడు రాసిన పేపర్లన్నీ ముందు పరిచి, ప్రతి మార్కు ఎక్కడ పోయిందో చూపించాడు. బాధ ఒక్కసారిగా పోలేదు కానీ, పాలిటెక్నిక్‌లో చేరాక తన బలం ఎంతో వాడికి కచ్చితంగా తెలిసి ఉండటం ఎంత మేలు చేసిందో నేను దగ్గరుండి చూశాను. ఆ బడి మనకు చేసిన ఉపకారాల్లో నేను అన్నిటికంటే పైన పెట్టేది దీన్నే.

ఇక ఫీజు తక్కువని మనం సంతోషించే బడిలో ఆ తక్కువను ఎవరు భరిస్తున్నారో కూడా నీవు తెలుసుకోవాలి. అది అక్కడి ఉపాధ్యాయుల జీతం. బీఈడీ చేసిన ఆడపిల్లలు డ్రైవర్ జీతంలో సగానికి చదువు చెబుతారు. లాక్‌డౌన్‌లో తల్లిదండ్రులు ఫీజులు ఆపేసరికి ఆ సగం కూడా ఆగిపోయింది. మీ సాంఘికశాస్త్రం సారు మార్కెట్ దగ్గర కూరగాయలు అమ్మాడు. 2021 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం గుర్తింపు ఉన్న ప్రైవేటు బడుల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఏళ్ల తరబడి మన పిల్లలకు పాఠం చెప్పినవారు రేషన్ షాపు ముందు వరుసలో నిలబడటం చూసి నాకు చాలా కష్టమనిపించింది. 2020 వేసవిలో మాకూ సగం జీతమే వచ్చినా, తమ్ముడి బాకీ మొత్తం అప్పుడే కట్టాలని మీ అమ్మే పట్టుబట్టి, చీటీ డబ్బులు తెచ్చి ఇచ్చింది. ఆ బడి రెండేళ్లు ఒడుదొడుకుల్లో నడిచి, పై తరగతులు మూసుకుని, ఇప్పుడు ఏడో తరగతి వరకు మాత్రమే మిగిలింది.

అందువల్ల చిన్న బడి అన్నంత మాత్రాన మంచిదని నేను అనను. చిన్నదై, నిలకడ లేనిదైతే పిల్లవాణ్ణి మధ్యలో మరోచోటికి మార్చాల్సి వస్తుంది. మీ గల్లీ బడికి వెళ్లినప్పుడు భవనం, బస్సు, కంప్యూటర్ గది చూడటానికి ఎక్కువ సమయం పెట్టవద్దు. ఉపాధ్యాయులు అక్కడ ఎన్నేళ్ల నుంచి ఉన్నారో, వేసవి సెలవుల నెలలకు కూడా జీతం అందుతుందో, వీలైతే వారినే అడుగు. సగం మంది నిరుడు వచ్చినవారైతే ఆ బడి వద్దు. గుర్తింపు ఏ తరగతి వరకు ఉందో కాగితం చూపించమను. కొన్ని బడులు ఏడు వరకే గుర్తింపు ఉంచుకుని, పదో తరగతి పిల్లల పేర్లు వేరే బడి నుంచి పంపుతాయి. సర్టిఫికెట్ మీద చదవని బడి పేరు వస్తుంది. ఒకటో తరగతిలో చేర్చుకోవడానికి పిల్లవాడికి పరీక్ష పెడతామని ఏ బడి అన్నా, పెద్దదైనా చిన్నదైనా, ఒప్పుకోవద్దు. 2009 విద్యాహక్కు చట్టం దాన్ని నిషేధించింది. రేకుల గదులుంటే మధ్యాహ్నం రెండింటికి వెళ్లి కాసేపు అందులో కూర్చుని చూడు. ఇంగ్లీషు సంగతి మాత్రం మీరిద్దరూ ఇంట్లో చూసుకోవాలి. చిన్న బడి దాన్ని పూర్తిగా తీర్చలేదు, మీకు ఆ శక్తి ఉంది.

ఇవన్నీ చూశాక అక్కడే చేర్పించాలని అనుకుంటే, ఫీజు ప్రతి నెలా పదో తారీఖులోపు కట్టండి. అక్కడ ఆ డబ్బుతోనే టీచర్లకు జీతాలు ఇస్తారు. అల్లుణ్ణి కూడా నీతోపాటు తీసుకెళ్లి, కరస్పాండెంట్‌ను అడగవలసినవన్నీ అతన్నే అడగనివ్వు.

మీ నాన్న