మన కాలనీ సంఘం 2025 వార్షిక నివేదిక: ఈసారి గ్రౌండ్ సంగతులే ఎక్కువ

సభ్యులందరికీ నమస్కారం. జనవరి మొదటి వారంలో రిపోర్ట్ ఇస్తామని చెప్పి సంకురాత్రి కూడా దాటించినాం, తప్పు నాదే, బిల్లులన్నీ ఒక కవర్లో పెట్టి ఆ కవర్ యాడ పెట్టినానో మర్చిపోయినా. డ్రైనేజీ, వీధిలైట్లు, వినాయక చవితి గురించి చివర్లో రెండు ముక్కలు చెప్తా, ఎందుకంటే ఈ ఏడాది సంఘం టైమూ డబ్బూ గొడవలూ అన్నీ గ్రౌండ్ చుట్టూనే తిరిగినాయి.

మార్చి దాకా మన ఓపెన్ సైట్ ఎట్లుండేదో మీకు తెలుసు, కంపచెట్లు, పాత ఇండ్లు పడగొట్టిన మట్టి, పందులు. నాలుగు ఆదివారాలు మనమే దిగి కొట్టినాం. కంపముల్లు చెప్పులోంచి దూరి మన ట్రెజరర్ అన్న కాలు వాచి వారం రోజులు డ్యూటీకి పోలేదు. వేర్లతో తీయకుంటే మళ్లీ మొలుస్తాయప్పా అని మొదటి నుంచి మొత్తుకున్నది కూడా ఆయనే, ఎవరూ వినలేదు, వానలు పడేసరికి అన్నీ లేచి నిలబడినాయి, జేసీబీ పిలిపించక తప్పలేదు. ఈ ఏడాది పెద్ద ఖర్చు అదే. బెంచీలు మాత్రం కొనలేదు, పాలిష్ ఫ్యాక్టరీలో అంచులు విరిగి పక్కన పడేసిన కడప బండలు ఒక సభ్యుడు ట్రాక్టర్‌కు వేయించి పంపినాడు, ఇటుకల మీద పరిచినాం. మే నెల మధ్యాహ్నం ఆ నల్లబండ మీద కూర్చుంటే ఏమైతుందో కూర్చున్నోళ్లను అడగండి.

సమ్మర్ క్యాంప్ పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర దాకా పెట్టినాం, ఆ తర్వాత మన ఎండకు ఆడించలేం. వాలీబాల్, కబడ్డీ, ఖోఖో. మొదటి రోజు గ్రౌండ్ చుట్టూ ఒక్క రౌండ్ పరిగెత్తమంటే సగం మంది పిల్లోళ్లు మధ్యలోనే బండల మీద కూలబడినారు, ఏడో క్లాస్ పిల్లోళ్లు! ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు కనీసం గంట ఒళ్లు కదిలే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తాంది, మన పిల్లోడు ఎనిమిదింటికి బడికి పోయి ట్యూషన్ అయ్యి ఇంటికి చేరేది రాత్రి ఎనిమిదికి, ఇంక ఆ గంట యాడ నుంచి తెస్తాడు. బడికి ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టంలోనే రాసి ఉంది. ఉన్న బడుల్లో కూడా గేమ్స్ పీరియడ్ వచ్చిందంటే లెక్కల సార్ వచ్చి స్లిప్ టెస్ట్ పెడ్తాడని పిల్లోళ్లే చెప్పి నవ్వుతాండారు.

ఆగస్టులో ఒకాయన వచ్చి సగం గ్రౌండ్ లీజుకిస్తే బాక్స్ క్రికెట్ టర్ఫ్ (చుట్టూ నెట్ కట్టి గంటల లెక్కన క్రికెట్ ఆడించే చిన్న గ్రౌండ్) వేసి నెలనెలా సంఘానికి అద్దె కడ్తానన్నాడు. కమిటీ రెండుగా చీలింది, మీటింగ్ రాత్రి పదకొండు దాకా నడిచింది, ఒకరిద్దరు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడ్డం లేదు. అద్దె వస్తే లైట్లు వేయొచ్చన్నోళ్ల మాట తప్పని నేననను. కానీ గంటకింత అని డబ్బు కట్టి ఆడేది ఎవరు, ఉద్యోగం చేసే కుర్రోళ్లు. మన ఇస్త్రీ బండి అన్న కొడుకు నెట్ బయట నిలబడి బాల్ ఏరిచ్చే పని చేస్తాడు. చివరికి అవసరం లేదని చెప్పి పంపినాం. ఒప్పుకోనోళ్లు జనరల్ బాడీలో మళ్లీ లేవనెత్తొచ్చు, అది మీ హక్కు.

ఇంకొకటి, చెప్పకుండా దాచేది కాదు. ఐపీఎల్ టైంలో వాలీబాల్ టీంకు ఫ్రీగా జెర్సీలిస్తామని ఫోన్ వచ్చింది, తీరా చూస్తే వెనక బెట్టింగ్ యాప్ పేరు. మన ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ బెట్టింగ్ 2020 నుంచే నిషేధం, 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్స్ అన్నీ బంద్ చేస్తూ చట్టం తెచ్చింది, దాంతో ఇండియా క్రికెట్ టీం చొక్కా మీద అప్పటి స్పాన్సర్ డ్రీమ్11 పేరే పోయింది. చట్టం పని చట్టానిది, మన టీంలోనే ఒక పిల్లోడు కాలేజీ ఫీజు డబ్బులు ఓవర్‌కింత అని పెట్టి పోగొట్టుకున్నాడు, వాళ్ల నాయన వచ్చి ఆ నల్లబండ మీద కూర్చుని ఒక్క మాట మాట్లాడకుండా లేచిపోయినాడు. పేరు రాయను. ఆ పిల్లోడు ఇప్పుడు ప్రాక్టీస్‌కు వస్తాండాడు, ఎవరూ ఆ సంగతి ఎత్తొద్దు.

నవంబర్ 2 రాత్రి గ్రౌండ్‌లో గుడ్డ కట్టి ప్రొజెక్టర్‌లో ఇండియా, సౌతాఫ్రికా విమెన్స్ క్రికెట్ వరల్డ్ కప్ ఫైనల్ వేసినాం. నవీ ముంబైలో వాన పడి మ్యాచ్ సాయంత్రం ఐదింటికి మొదలై అయ్యేసరికి అర్ధరాత్రి. మన కడప జిల్లా ఎర్రమల్లె పిల్ల, లెఫ్ట్ హ్యాండ్ స్పిన్నర్ శ్రీచరణి బాల్ తీసుకున్నప్పుడల్లా ఈల, సౌతాఫ్రికా బ్యాటర్ బోష్‌ను డకౌట్ చేసినప్పుడైతే మొదటి వీధి దాకా వినపడిందంట. ఇండియా 52 పరుగులతో గెలిచింది, చరణికి టోర్నీ మొత్తంలో 14 వికెట్లు. నిద్ర చెడిందని కంప్లైంట్ చేసిన ముగ్గురు సభ్యులకు ఇక్కడే సారీ చెప్తున్నా.

అసలు సంగతి తర్వాతి వారం. క్యాంప్‌కు నలుగురు ఆడపిల్లలు వస్తుంటే నవంబర్లో ఇరవై మందికి పైగా వచ్చినారు, అందరికీ లెఫ్ట్ హ్యాండ్ స్పిన్నే కావాలంట, రైట్ హ్యాండ్ పిల్లలు కూడా ఎడమ చేత్తో విసురుతాండారు! ఒక జేజి మనవరాలిని తోడుకొచ్చి, మా కాలంలో తొక్కుడుబిళ్ల ఆడినా తిట్లే పడేవి అని చెప్పి అక్కడే కూర్చుండిపోయింది, ఇప్పుడు రోజూ వస్తుంది. డిసెంబర్ ఆఖరుకు మిగిలింది తొమ్మిది మంది. ఇష్టం తగ్గి కాదు. సాయంత్రం ఆరుకే చీకటి పడ్తాంది, గ్రౌండ్‌లో లైట్ లేదు, టాయిలెట్ లేదు, టెన్త్ పిల్లలకు స్టడీ అవర్స్. చరణికి ప్రభుత్వం రెండున్నర కోట్లిచ్చింది, సంతోషమే, మన గ్రౌండ్‌కు ఒక టాయిలెట్ అడుగుతూ మనమిచ్చిన అర్జీ మాత్రం ఆరు నెలలుగా టేబుళ్లు మారుతాంది.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా రెండు నుంచి మూడు శాతానికి పెంచినాక మనకొచ్చే ఫోన్లు కూడా పెరిగినాయి. ఒకాయన సర్టిఫికెట్‌కు ఎంతవుతుందన్నా అని సూటిగా అడిగినాడు, పిల్లోడు ఏం ఆడ్తాడంటే మీరే ఏదో ఒకటి రాయండి అన్నాడు. సంఘం అట్లాంటి కాగితాలు ఇవ్వదు, మనమిచ్చినా యాడా చెల్లవు.

మిగతావి: వినాయక చవితి ఖర్చుల లెక్క నోటీస్ బోర్డులో ఉంది, మిగిలిన డబ్బు గ్రౌండ్ ఖాతాలో వేసినాం. మూడో వీధి డ్రైనేజీ సగం అయ్యింది. వీధిలైట్లు అట్లే ఉన్నాయి.

కొత్త ఏడాదికి రెండు ఫ్లడ్ లైట్లు, ఒక టాయిలెట్, దీనికి ఇంటికి ఎంత వేసుకుందామనేది జనరల్ బాడీలో తేల్చాల, వచ్చే ఆదివారం సాయంత్రం ఐదింటికి గ్రౌండ్‌లోనే. బండలు అప్పటికి కొంచెం చల్లారి ఉంటాయి, అయినా చాప తెచ్చుకోండి. వాలీబాల్ నెట్ ఎవరింట్లో ఉందో వాళ్లు దయచేసి ఆరోజు తీసుకురండి, రెండు వారాలుగా వెతుకుతాండాం.

ఇట్లు
మీ కార్యదర్శి, కడప