ఎవరు గెలుస్తున్నారని అడిగావు కదా

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

చిట్టీ,

"చిరంజీవి లక్ష్మీసమానురాలైన" అని మొదలుపెట్టమంది మీ అమ్మ. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊళ్ళో పుట్టి ఆ గ్రాంథికం నావల్ల కాదన్నాను. నువ్వు బాగున్నావనే అనుకుంటున్నాను. మేమూ బాగానే ఉన్నాం. మహేంద్రతనయలో నీళ్ళు తగ్గాయి, అమ్మ మోకాలు మాత్రం తగ్గలేదు.

మొన్న ఫోన్లో "ఇంతకీ ఎవరు గెలుస్తున్నారు నాన్నా?" అన్నావు. నేను "అన్నం తిన్నావా" అని మాట మార్చేశాను. జవాబు తెలియక కాదు. రెండు ముక్కల్లో చెప్తే అబద్ధం చెప్పినట్టుంటుంది. అందుకే ఈ కాగితాలు.

వెళ్ళేముందు పాత కంప్యూటర్లో ఆ ఆట ఎక్కించి, "రిటైరయ్యాక తోచదుగా, ఆడుకో" అన్నావు. వార్ ఇన్ ది ఈస్ట్. తెరిచి చూస్తే గుండె ఆగినంత పనైంది. బెర్లిన్ అవతల నుంచి ఉరల్ కొండల దాకా తేనెపట్టులా ఆరు మూలల గడులు, వాటి నిండా అట్టముక్కల్లాంటి సైన్యాలు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ రష్యా మీద పడ్డ రోజు, 1941 జూన్ 22న మొదలు. వారానికొక ఎత్తు. అలా రెండొందలకు పైగా వారాలు. చదరంగం ఆడేవాళ్ళం కదా అని కూర్చున్నాను గానీ, మొదటి వారం ఎత్తు వేయడానికే నాకు నాలుగు రోజులు పట్టింది. మధ్యలో ఒకసారి కరెంటు పోయి చేసిందంతా పోయింది, అది వేరే కథ.

ఒక్కో గడి పది మైళ్ళట. అది చదివాక స్కేలు తీసుకుని మన రైలు లైను కొలిచాను, నవ్వకు. నౌపడా నుంచి పర్లాకిమిడి రెండున్నర గడులు. గుణుపూర్ దాకా వెళ్ళినా ఐదున్నర. ముప్పై ఏళ్ళ పైచిలుకు రైల్వే ఉద్యోగం ఐదున్నర గడుల్లో చేశానన్నమాట.

ముందు జర్మనీ పక్కన ఆడాను. మొదలుపెట్టేవాళ్ళు ఆ పక్కే తీసుకోవాలని నువ్వే చెప్పావు. మూడు వారాల్లో మిన్స్క్ దాటేశాను. చెయ్యి కదిపితే చాలు, చుట్టుముట్టిన సైన్యాలు కుప్పకూలాయి. ఆగస్టు వచ్చేసరికి ముందు వరసలో ట్యాంకులకి పెట్రోలు లేదు. ఎందుకూ అని వెతికితే, రైలు ఎక్కడో వెనకాల ఆగిపోయింది. రష్యా పట్టాల మధ్య ఎడం ఐదడుగులు. జర్మనీది నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. మూడున్నర అంగుళాల తేడా. ఆ తేడా సరిచేయడానికి ఆటలో ప్రత్యేకంగా రైల్వే దళాలుంటాయి. వారానికి కొన్ని గడులే మారుస్తాయి, ఎంత తిట్టినా అంతే.

ఇక్కడ నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. గేజి మార్పు, అదే పట్టాల ఎడం మార్చే సంగతి, నాకు చెప్పేవాడెవడు!

2004లో మన చిన్న రైలు ఆపేసినప్పుడు నీకు జ్ఞాపకం ఉండకపోవచ్చు. రాజావారు వేయించిన లైను, 1900లో మొదలైంది. రెండున్నర అడుగుల గేజి. దాన్ని ఐదున్నర అడుగులు చేసి గుణుపూర్ దాకా మళ్ళీ బండి నడిపేసరికి 2011 వచ్చింది. తొంభై కిలోమీటర్లకి ఏడేళ్ళు. జర్మన్లు మరి వందల మైళ్ళు నెలల్లో ఎలా మార్చారని నాకు ముందు నమ్మకం కలగలేదు. తర్వాత వెలిగింది. వాళ్ళు వెడల్పు తగ్గించారు. ఉన్న స్లీపర్ల మీదే, అంటే పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మెల మీదే, ఒక పట్టాకి మేకులు పీకి, లోపలికి జరిపి, మళ్ళీ కొడితే సరి. మనం వెడల్పు పెంచాం. అంటే స్లీపర్లు కొత్తవి, వంతెనలు కొత్తవి, గట్టు కొత్తది. లోపలికి జరగడం తేలిక, బయటికి జరగడమే కష్టం. (ఇది వేదాంతం కాదు, పట్టాల పని చూసే పర్మనెంట్ వే వాళ్ళనడిగినా ఇదే చెప్తారు.)

అయినా జర్మన్ల కష్టం పట్టాలతో తీరలేదు. రష్యా ఇంజన్లు పెద్దవి, నీళ్ళు ఎక్కువ మోస్తాయి, కాబట్టి నీళ్ళు పట్టే స్టేషన్లు దూరం దూరంగా ఉండేవి. జర్మన్ ఇంజను అంత దూరం పోలేదు. చలి ముదిరాక గొట్టాలు గడ్డకట్టి పగిలిపోయాయి. ఆరు లక్షలకు పైగా గుర్రాలతో వెళ్ళారట ఆ యుద్ధానికి! సినిమాల్లో అన్నీ ట్యాంకులే చూపిస్తారు.

అక్టోబరు బురదలో ఆ ఆట వదిలేశాను. ఓడిపోయి కాదు. మనసొప్పలేదు. ఆ పక్క గెలిస్తే ఏమవుతుందో తెలిసినవాణ్ణి, గెలవడానికి అంత తాపత్రయం ఎందుకనిపించింది.

మళ్ళీ మొదటి నుంచి, ఈసారి రష్యా. ఈ ఆట నాకోసమే చేశారేమో అనిపించింది చిట్టీ. ఎందుకంటే రష్యా వాడికి యుద్ధం కంటే ముందు బళ్ళు నడపడమే పని. వారానికి రైల్వే మోయగల బరువు ఇంతే అని లెక్క ఉంటుంది. అందులోనే సైన్యాన్ని తరలించాలి, అందులోనే కర్మాగారాలు విప్పి తూర్పుకి పంపాలి. నిజంగా కూడా ఆ ఏడాది రెండో సగంలో పదిహేను వందలకు పైగా కర్మాగారాలు రైలెక్కాయి. ఖార్కోవ్‌లో ట్యాంకులు చేసేది ఉరల్ కొండల దగ్గర నిజ్నీ తగిల్‌కి చేరింది. ఆటలో అయితే, చేరిన కర్మాగారం వెంటనే పని చేయదు. దెబ్బతిని ఉంటుంది, కోలుకోవడానికి వారాలు పడుతుంది.

ఒకటే లైను, ఎదురెదురుగా రెండు బళ్ళు. దేన్ని లూపులో, అంటే స్టేషన్లో పక్క పట్టాల మీద, పెట్టాలి, దేనికి దారివ్వాలి? జీవితమంతా నేను చేసిందదే. బళ్ళ రాకపోకలు చూసే కంట్రోల్ ఆఫీసు నుంచి ఫోను వచ్చేది, ఒక్కోసారి రాకపోయేది. నాకు తోచినట్టు చేసి పుస్తకంలో రాసేవాణ్ణి. కాబట్టి ధీమాగా కూర్చున్నాను. మీ అమ్మ కాఫీ పెట్టి, "రిటైరయినా బళ్ళు ఒగ్గనేదేటి మీరు" అని వెళ్ళిపోయింది.

ఆ ధీమాయే కొంప ముంచింది. ఆగస్టంతా బరువు మొత్తం కర్మాగారాలకే ఇచ్చాను. ఒక్కటీ వదలకూడదని పంతం. కీవ్ దగ్గర నాలుగు సైన్యాలు. "వచ్చే వారం రైలెక్కిస్తా, వచ్చే వారం" అనుకుంటూ అక్కడే ఉంచాను. నడిచైనా వెనక్కి రమ్మని ఉండొచ్చు. అంత పెద్ద ఊరు చేజేతులా ఎలా వదులుతామనిపించింది. సెప్టెంబరులో జర్మన్లు ఉత్తరం నుంచీ దక్షిణం నుంచీ వచ్చి తలుపులు మూసేశారు. అసలు యుద్ధంలో స్టాలిన్ కూడా వెనక్కి రావొద్దని చెప్పి, అదే నెల, అదే చోట, లక్షల మందిని పోగొట్టుకున్నాడు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసీ అదే చేశాను. అతన్ని ఎన్నిసార్లు తిట్టుకున్నానో!

పాత సేవ్ ఫైలు ఉంది. ఒక్క నొక్కుతో ఆగస్టుకి వెళ్ళొచ్చని నువ్వు నేర్పావు కూడా. వెళ్ళలేదు. స్టేషన్ పుస్తకంలో రాసినదాన్ని చెరిపే అలవాటు లేదు నాకు. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం పెట్టాలి. ఇక్కడ సంతకం పెట్టే చోటు లేదు, అంతే తేడా.

డిసెంబరుకి మాస్కో ముందు రెండు మూడు గడుల దూరంలో ఆగారు. అంటే శత్రువు నౌపడాలో, మనం పర్లాకిమిడిలో. అలా అనుకున్నాక ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

అసలు ఫోన్లో చెప్పలేకపోయింది ఇది. పోయిన వారం ఆట తేదీ 1942 ఏప్రిల్ మొదటి వారానికి వచ్చింది. ఏప్రిల్ 6న జపాన్ వాళ్ళు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశారు. మీ తాతకి అప్పుడు పదేళ్ళు. మన ఊరు ఒరిస్సాలోకి వెళ్ళి ఆరేళ్ళయింది. వైజాగ్ నుంచి జనం చిన్న రైల్లో కిక్కిరిసి దిగారని చెప్పేవాడు. ఒకావిడ రుబ్బురోలు పొత్రం చంకనెత్తుకుని దిగిందట. రోలు అక్కడే వదిలేసింది. పొత్రం ఒక్కటి ఏం చేసుకుంటావమ్మా అని ఎవరో అడిగితే, ప్లాట్‌ఫారం మీద కూలబడి ఏడ్చిందట. తాత ఈ సంగతి చెప్పినప్పుడల్లా నేను నవ్వేవాణ్ణి. ఆయన నవ్వేవాడు కాదు.

ఆట పటంలో మన ఊరు లేదు, వైజాగూ లేదు. ఉరల్ కొండలకే పటం అయిపోతుంది. అయినా ఆ వారం దాటించే బొత్తాం నొక్కకుండా రెండు రోజులు ఊరుకున్నాను. నా కర్మాగారాల జాబితా తెరిచి చూశాను. ప్రతి దాని పక్కనా ఎంత శాతం దెబ్బతిందో అంకె ఉంది. ఇదివరకు ఆ అంకె చూస్తే విసుగొచ్చేది.

నిన్న నొక్కాను. మంచు కరిగి మళ్ళీ బురద. రెండు పక్కలా ఎవరూ కదలడం లేదు. నీ ప్రశ్నకి ఇవాళ్టికి ఇదే జవాబు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒక మౌస్ తీసుకురా, దీని ఎడమ బొత్తాం రెండుసార్లు నొక్కితే గానీ పలకడం లేదు. వైజాగ్‌లో గుణుపూర్ బండి ఎక్కితే నౌపడా దాటాక ఫోను చెయ్యి, స్టేషన్‌కి వస్తాను. ఖార్కోవ్ ఇంకా వాళ్ళ చేతిలోనే ఉంది. నువ్వొచ్చాక చూద్దాం.

నాన్న