పొగరు కాదండీ అది

ఎడిటర్ గారికి నమస్కారం,

మా ఇంట్లో పెరిగే చెల్లెలి కొడుక్కి కడుపులో ఉన్నప్పుడే తల్లి తాగిన మద్యం వల్ల మెదడు దెబ్బతిందని, దాన్ని ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అంటారని డాక్టర్ చెప్పేదాకా మేమూ వాడికి పొగరనే అనుకున్నాం. నిన్న అప్పజెప్పిన ఏడో ఎక్కం ఇవాళ రాదు, బూట్లేసుకుని బ్యాగ్ తెచ్చుకోరా అంటే బూట్లేసుకుని గుమ్మంలో నిలబడతాడు, రెండోది అప్పటికే ఎగిరిపోయింది. స్కూల్లో దానికి గోడకుర్చీ! ఒక్కో పని విడిగా చెప్పి, గోడకి బొమ్మలు అంటిస్తే చేస్తున్నాడు (మా చెల్లిని తిట్టి లాభం లేదు, అదెప్పుడో మానేసింది). దీనికి 1973లోనే పేరు పెట్టారు, మన 2016 వికలాంగుల చట్టంలో 21 వైకల్యాలున్నా ఇది పేరుతో లేదు, సర్టిఫికెట్ కావాలంటే బుద్ధిమాంద్యం లాంటి ఇంకేదో పేరు కింద వెళ్లాలి, వీడి ఐక్యూ ఏమో అంత తక్కువ కాదాయె. సెప్టెంబర్ 9 దీని అవగాహన దినం, ఆరోజైనా టీచర్లకి ఒక పూట ట్రైనింగ్ పెట్టించమని మీ పేపర్లో రాయండి.

– ఓ పెద్దమ్మ, అరండల్‌పేట, గుంటూరు