కొండ సైకిలు కొనబోయే సౌమ్యకు

చిరంజీవి సౌమ్యకు,

నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు కొండ దారుల్లో తొక్కే సైకిలు కొనాలనుకుంటున్నావనీ, అందుకోసం పాతిక వేలు పక్కన పెట్టుకున్నావనీ చిట్టి చెప్పాడు. మంచి ఆలోచన. నీ జీతంలోంచి నువ్వు కొనుక్కునే మొదటి పెద్ద వస్తువు కాబట్టి, దాన్ని గురించి నాకు తెలిసిన నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. ఫోనులో చెప్పవచ్చు గానీ ఈ మధ్య నువ్వు ఫోను ఎత్తడం లేదు, ఎత్తినా మీటింగులో ఉన్నానని పెట్టేస్తున్నావు. నీ వాట్సాప్ స్టేటస్‌లో కుడి చేతికి కట్టు కనిపించిందని కామేశ్వరి అత్తయ్య అంటోంది. అది గోరింటాకు మీద చుట్టుకున్న గుడ్డ అయి ఉంటుందని మీ అమ్మతో అన్నాను. ఆ సంగతి తరువాత రాస్తాను.

నువ్వు తొక్కబోయేది అనంతగిరి కొండల్లో అని చిట్టి అనగానే అరకు దారిలోని మన అనంతగిరి అనుకున్నాను. వికారాబాద్ దగ్గర, మూసీ నది పుట్టే కొండలని చిట్టి వివరంగా చెప్పాడు. అక్కడి నేల ఎర్రమట్టి, దాని మీద వదులుగా గులకరాళ్లు, మధ్యలో చెట్ల వేళ్లు. వాన పడితే ఆ మట్టి టైరుకు ముద్దలుగా అంటుకుంటుంది, ఎండితే గులకల మీద చక్రం జారుతుంది. సైకిలు ఎంచుకునేటప్పుడు మొదట ఈ నేలనే గుర్తుపెట్టుకో. షోరూములో మెరిసే రంగు, ఫ్రేము మీద పెద్ద అక్షరాలు, ఇరవై ఒక్క గేర్లు అన్న మాట ఆ గులకరాళ్ల మీద నిన్ను ఆపవు.

వెనక కూడా షాక్, అంటే కుదుపు తీసుకునే స్ప్రింగు, ఉన్న సైకిలు ఆన్‌లైన్లో పద్నాలుగు వేలకే వస్తోందని నువ్వు దాని వైపు మొగ్గుతున్నావట. అది మాత్రం వద్దు తల్లీ. ఎందుకో చెప్పాలంటే సూరి బాబాయి సైకిలు షాపులో నా కళ్ల ముందే జరిగింది చెప్పాలి.

శ్రావణంలో ఒక సాయంత్రం నేను గంటస్తంభం దగ్గర పని చూసుకుని బాబాయి షాపులో కూర్చున్నాను. కంటోన్మెంట్ వైపు నుంచి ఒక కాలేజీ కుర్రాడు, వాళ్ల నాన్న కలిసి ఒక సైకిలును నడిపించుకుంటూ వచ్చారు. ముందూ వెనకా స్ప్రింగులు, నల్లటి ఫ్రేము మీద ఎర్ర చారలు, చూడడానికి మోటారు సైకిలంత హుందాగా ఉంది. పెట్టెలో విడి భాగాలుగా వస్తే అందులో ఇచ్చిన పానాతోనే ఇంట్లో బిగించుకున్నారట. మలుపు తిప్పితే ముందు చక్రం కాలి బొటనవేలికి తగులుతోందని ఆ కుర్రాడి ఫిర్యాదు. బాబాయి ఒక్కసారి చూసి, "ఫోర్కు వెనక్కి తిరిగి ఉంది నాయనా" అన్నాడు. ఫోర్కు అంటే ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే కాళ్ల జత. డిస్కును పట్టే బ్రేకు ఎడమవైపు, ఫోర్కు కాలికి వెనకగా ఉండాలి. దానికి కుడివైపు, ముందుకు వచ్చి ఉంది. తరువాత ఎడమ పెడలు విప్పాడు. ఎడమ పెడలుకు మర ఎదురు దిశలో ఉంటుందని తెలియక ఎవరో బలవంతంగా తిప్పేశారు. బాబాయి క్రాంకు, అంటే పెడలు బిగించే కడ్డీ, రంధ్రంలో వేలు తిప్పి తీస్తే, వేలి కొనకు వెండి పొడిలా అల్యూమినియం రజను అంటుకుంది. మరలు అరిగి పొడై రాలుతున్నాయి. అప్పటికీ అది రెండు వారాల సైకిలే.

అది సరిచేయవచ్చు. అసలు చిక్కు వెనక స్ప్రింగుతో వచ్చింది. బాబాయి వెనక చక్రాన్ని పట్టుకుని పక్కకు ఊపితే, ఫ్రేముకు అతికే కీళ్ల దగ్గర చక్రం వేలి మందాన కదిలింది. ఆ కీళ్లలో బేరింగులు లేవు, ప్లాస్టిక్ బుష్షులే ఉన్నాయి. స్ప్రింగును విప్పి ఆ కుర్రాడి చేతికిచ్చి నొక్కమన్నాడు. నొక్కి వదలగానే అది టక్కున పైకి తన్నింది. మంచి షాక్‌లో నూనె ఉంటుంది. అది స్ప్రింగు తిరిగి లేచే వేగాన్ని అదుపు చేస్తుంది. ఇందులో చుక్క నూనె లేదు. రాయి ఎక్కిన ప్రతిసారీ సీటు కింద నుంచి ఎగరేస్తుంది. పైగా తొక్కే బలంలో కొంత ఆ స్ప్రింగు ఊగడానికే పోతుంది, బరువు చూస్తే ఎత్తడానికే ఇద్దరు కావాలి. "ఒకే సొమ్మును ఫ్రేముకు, రెండు షాక్‌లకు, బ్రేకులకు, గేర్లకు పంచితే ఏ ఒక్కదానికీ సరిపోదు, బాబూ" అని బాబాయి వాళ్ల నాన్నకు చెప్పాడు. క్రాంకు మార్చి, ఫోర్కు తిప్పి, కీళ్లు బిగించి పంపేసరికి షాపు మూసే వేళ దాటింది. కాలేజీకి తొక్కుకో, అరకు ఘాటు మాత్రం దీనితో దిగకు అని ఒట్టు వేయించుకున్నాడు. ఆ తరువాత ఆ కుర్రాడు దాన్ని అమ్మేసి ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్నది కొనుక్కుని, రామతీర్థం వరకు తొక్కి వచ్చి బాబాయికి ప్రసాదం కూడా తెచ్చి ఇచ్చాడు.

కాబట్టి నీ పాతిక వేలకు తగినది హార్డ్‌టెయిల్, అంటే వెనక భాగం గట్టిగా ఉండి ముందు ఫోర్కులో మాత్రమే సస్పెన్షన్ ఉండేది. ఫోర్కు 100 మిల్లీమీటర్లు కుంగితే నీకు చాలు. ఈ ధరలో గాలి ఫోర్కు దొరకడం కష్టం, స్ప్రింగుదే వస్తుంది, పరవాలేదు. ఫోర్కును లాక్ చేసే మీట ఉంటే తారు రోడ్డు మీద ఉపయోగం. ఫ్రేము అల్యూమినియంది, రిమ్ములు డబుల్ వాల్‌వి, అంటే రెండు గోడలవి, అయి ఉండాలి. గేర్లు ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టకు. వెనక పళ్ల చక్రాల గుత్తి ఎలా అమరిందో అడుగు. మర లాగా బిగించే ఫ్రీవీలు రకంలో ఇరుసు కుడి చివర కొంత మేర బేరింగు ఆధారం లేకుండా ఉంటుంది, రాళ్ల మీద దబదబా పడితే అక్కడే వంగుతుంది. క్యాసెట్ రకంలో బేరింగు చివరి దాకా వస్తుంది. గేర్లు చేసే షిమానో కంపెనీ రకాల్లో టూర్నీ అన్నిటికన్నా కింది మెట్టు, దాని పైన ఆల్టస్, ఆ పైన అసెరా. ఆల్టస్ దొరికితే సంతోషించు, టూర్నీ అయినా శుభ్రంగా ఉంచుకుంటే పని చేస్తుంది.

బ్రేకుల దగ్గర మాత్రం పొదుపు చేయకు. ఈ ఆటే బ్రేకుల బాధతో మొదలైంది. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్ల మీద కొండ దిగే పందేలు పెట్టుకున్నారు. పెడలు వెనక్కి తొక్కితే పట్టే ఆ బ్రేకులు వేడెక్కి, హబ్బులోని గ్రీజు పొగై పోయేదట. మళ్లీ మళ్లీ కొత్త గ్రీజు నింపుకుని దిగేవారట. నీకు అంత తిప్పలు అక్కరలేదు, తీగతో పనిచేసే డిస్కు బ్రేకు ఉంటే చాలు. నూనెతో పనిచేసే హైడ్రాలిక్ రకం ఆ ధరలో దొరికితే వదలకు. రిమ్మును పట్టే పాత రకం మాత్రం బురదలో జారిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఏ చేతి మీట ఏ చక్రానిదో ఎక్కక ముందే నొక్కి చూసుకో. మన దేశంలో మామూలుగా కుడి చేతిది ముందు చక్రానికి, ఎడమ చేతిది వెనక చక్రానికి ఉంటుంది. కొన్ని విదేశీ సైకిళ్లలో ఇది తారుమారు. అలవాటు లేని సైకిలు మీద పల్లంలో దిగుతూ వెనకది అనుకుని ముందుది గట్టిగా పట్టేస్తే, మనిషి హ్యాండిలు మీదుగా ముందుకు పడతాడు. అలా పడితే చేతులు చాచడం సహజం. నువ్వు స్నేహితురాలి సైకిలు మీద వెళ్లావని చిట్టి నోరు జారాడు, ఆ తరువాత ఏమీ చెప్పడం లేదు.

సౌమ్యా, అరచెయ్యి నేలకు ఆన్చి పడినప్పుడు మణికట్టులో బొటనవేలి వైపు ఉండే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరగవచ్చు. మొదటి ఎక్స్‌రేలో అది కనిపించకుండా పోయే అవకాశం ఉంది, అందుకే 10 నుంచి 14 రోజుల తరువాత మళ్లీ తీసి చూస్తారు. దానికి రక్తం సరిగా అందదు కాబట్టి అశ్రద్ధ చేస్తే అతుక్కోవడం కష్టం. బొటనవేలు పైకెత్తితే దాని మొదట్లో చిన్న గుంట పడుతుంది చూడు, అక్కడ నొక్కితే నొప్పిగా ఉందా? ఉంటే బెణుకని ఊరుకోవద్దు. నాకు ఒక్క మాట రాయి.

సైజు సంగతి. నీ ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. చిన్న సైజు ఫ్రేము, అంగుళాల్లో చెబితే 15 లేదా 16 నీకు సరిపోతుంది. రెండు పాదాలూ నేల మీద ఆన్చి ఫ్రేము గొట్టం మీదుగా నిలబడితే మధ్యలో కనీసం రెండు అంగుళాల ఖాళీ ఉండాలి. ఇరవై తొమ్మిది అంగుళాల చక్రాలు రాళ్ల మీదుగా సులువుగా దొర్లుతాయన్నది నిజమే గానీ, నీ ఎత్తుకు 27.5 అంగుళాలవే తేలికగా తిరుగుతాయి. మధ్య సైజు మాత్రమే స్టాకులో ఉందని, సీటు దించితే సరిపోతుందని అమ్మేవాడు అంటే లేచి వచ్చేయి. సీటు దించినంత మాత్రాన హ్యాండిలు దగ్గరకు రాదు.

సెకండ్ హ్యాండ్‌లో చూసినా తప్పు లేదు, అదే ధరకు ఒక మెట్టు పైది వస్తుంది. హ్యాండిలు కింద ఫ్రేము అతుకుల దగ్గర రంగు ముడత పడి ఉందేమో పట్టపగలు చూడు, పగుళ్లు అక్కడే మొదలవుతాయి. ముందు బ్రేకు పట్టి సైకిలును ముందుకూ వెనక్కీ ఊపితే టకటక మనకూడదు. పెడలు క్రాంకును పక్కకు ఊపితే కదలకూడదు. ఫోర్కు కాళ్ల మీద గీతలు ఉండకూడదు. బిల్లు లేనిది, పెడళ్ల కింద ఫ్రేము నంబరు చెరిపేసినది ఎంత చవకైనా ముట్టుకోకు, ఎవరి ఉసురో తగిలిన సొమ్ము అయి ఉంటుంది.

పాతిక వేలూ సైకిలుకే పెట్టేయకు. అందులో నాలుగైదు వేలు గ్లౌజులకు, పంపుకు, రెండు ట్యూబులకు, తాళానికి, చిన్న పనిముట్ల సెట్టుకు మిగుల్చుకో. హెల్మెట్ డబ్బు మాది. మీ అమ్మ చీటీ సొమ్ములోంచి తీసి ఇప్పటికే చిట్టికి ఇచ్చింది, తిరిగి పంపితే ఊరుకోదు. సైకిలు హెల్మెట్ల యూరప్ భద్రతా ప్రమాణమైన ఈఎన్ 1078 ముద్ర ఉన్నది, కనుబొమలకు రెండు వేళ్ల పైన నుదుటి మీద నిలబడేది తీసుకో. ఒకసారి గట్టిగా దెబ్బ తగిలిన హెల్మెట్ బయటికి బాగున్నా లోపలి థర్మోకోల్ నలిగి ఉంటుంది, మళ్లీ వాడకూడదు. నువ్వు పడిన రోజున పెట్టుకున్నది ఎవరిదో, దాన్ని కూడా పక్కన పెట్టమని చెప్పు.

కట్టుతో వంట చేసుకోలేవు కాబట్టి కరివేపాకు పొడి, కందిపొడి, ఉసిరికాయ పచ్చడి చిట్టి చేత పంపుతున్నాం. పెరుగు మానకు. బండి నడపకు, ఆఫీసుకు మెట్రోలో వెళ్లు. వచ్చే నెల పెళ్లికి సూరి బాబాయి అమీర్‌పేట వస్తున్నాడు, తన పానాలు సంచిలో వేసుకుని వస్తానన్నాడు. అంతవరకు ఎక్కడా అడ్వాన్సు కట్టవద్దు. మీరిద్దరూ కలిసి చూసి, నువ్వు తొక్కి నచ్చింది అంటేనే కొనండి. ఈలోగా డాక్టరు గారు రాసిన చీటీ, ఎక్స్‌రే రెండూ ఫోటో తీసి పంపు. ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి వీడియో కాల్ చేస్తాను, కుడి చేత్తోనే ఫోను పట్టుకో.

ఆశీస్సులతో,
నాన్న